తాళం వేసిన ఫోన్లు, సోనేపూర్ పడవలు

మా మేనకోడలు స్వాతి ఈ మధ్యనే ఒక మొబైల్ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేరింది. చేరిన కొన్నాళ్ళకే బరంపురం లంజిపల్లిలో మా ఇంటికొచ్చి, చెప్పులు ఒక మూలకి విసిరేసి, "అత్తా, ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం ఎలాగ సేసినావు తల్లీ! తెల్లారితే తిట్లు, పొద్దుగూకితే తిట్లు" అంటూ కూలబడింది. నాకు నవ్వాగలేదు. ఆ తిట్లు వినడానికే మనకి జీతం ఇస్తారు, ఫోన్లు విప్పడం కొసరు పని అన్నాను. అది నమ్మలేదు. అందుకని దాని కోసం, దానిలాగే బరంపురంలో ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు పద్మ. మా నాన్న పలాస నుంచి రైల్వే ఉద్యోగానికి ఒడిశాలోని ఈ బరంపురం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, కొన్నాళ్ళు టేప్ రికార్డర్లు, టీవీలు బాగుచేసే షాపులో పనిచేసి, సెల్ ఫోన్లు వచ్చిన కొత్తలో ఒక మొబైల్ కంపెనీలో చేరాను. సర్వీస్ సెంటర్ టెక్నికల్ ఇన్‌చార్జిగా రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, వీడ్కోలు నాడు ఎవరు ఏం పొగిడారో రాయను. అవి ఎవరికీ పనికిరావు.

ఎక్కడ కూర్చుని మాట్లాడతారు?

కౌంటర్ మీద ఫోన్ పెట్టగానే స్క్రూడ్రైవర్ తియ్యకండి. ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: మీరు ఎక్కడ ఉండి మాట్లాడతారు?

ఛత్రపూర్ కోర్టులో పనిచేసే ఒక గుమస్తాగారు ఉండేవారు. ఫోన్ మాటిమాటికీ కట్ అవుతోందని మా దగ్గరికి వచ్చేవారు. మా కుర్రాళ్ళు బ్యాటరీ మార్చారు, సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించారు, చివరికి "సార్, మంచి ఫోన్ కొనుక్కోండి" అన్నారు. ఆయన పాపం చాలా ఖరీదైన ఫోన్ కొన్నారు. అదీ కట్ అయింది. ఈసారి నేరుగా నా దగ్గరికొచ్చి ఒంటికాలి మీద లేచారు. మీ కుర్చీ ఎక్కడుందండీ అని అడిగాను. పాత కాలపు మందపాటి గోడల గదిలో, చుట్టూ ఇనప బీరువాలు, మధ్యన ఈయన! వెళ్ళి వరండాలో నిలబడి మాట్లాడండి మహానుభావా అన్నాను. మళ్ళీ రాలేదు. ఖరీదైన ఫోన్ కొంటే సిగ్నల్ దానంతటదే పరుగెత్తుకొస్తుందనుకోవడం శుద్ధ భ్రమ. ఆ భ్రమ అమ్ముకుని ఎంతమంది బతుకుతున్నారో నాకు తెలుసు.

ఈ ప్రశ్న నాకు ఎవరూ నేర్పలేదు. చీకాకు పుట్టి అడగడం మొదలుపెట్టాను, తరవాత అదే నా అలవాటైంది. దాని విలువ ఎంతో మాత్రం సోనేపూర్ ఆడవాళ్ళు వచ్చాకే తెలిసింది.

తాళం సంగతి

ఆ కథ చెప్పేముందు తాళం అంటే ఏమిటో చెప్పాలి. కొన్ని కంపెనీలు ఫోన్‌ని తక్కువ ధరకి ఇస్తాయి. మన మీద జాలితో ఇస్తాయనుకోకండి. ఆ ఫోన్‌లో తమ సిమ్ము తప్ప ఇంకొకరిది పనిచెయ్యకుండా లోపల తాళం వేసి ఇస్తాయి. వేరే సిమ్ము పెట్టారా, చెల్లదని తెర మీద వస్తుంది, అంతే సంగతులు. ఒప్పందం గడువు తీరాక, లేదా హెడ్డాఫీసు ఒప్పుకుంటే, ఒక కోడ్ పంపిస్తారు. అది కొడితే తాళం ఊడుతుంది.

నాకు ఈ తాళం మీద పుట్టెడు కోపమేమీ లేదు. ధరలో కొంత కంపెనీ భరించింది, కొన్నాళ్ళు మా దగ్గరే ఉండండి అంటోంది. సరే, న్యాయమే. కానీ కొనేవాడికి రెండు మాటలు ముందే చెప్పాలి. తాళం ఉందని ఒకటి, అది నీ పనికి అడ్డొస్తుందని రెండోది. మొదటిది కనపడీ కనపడని అక్షరాల్లో చెప్తారు. రెండోది ఎవరూ చెప్పరు, ఎందుకంటే కొనేవాడు ఏం పని చేసుకుని బతుకుతాడో అమ్మేవాడికి పట్టదు.

పండగ నాడు కొన్న ఫోన్లు

సోనేపూర్ మాకు దక్షిణాన, బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న చేపల ఊరు. అక్కడ ఇంటికో ఫోన్ ఉన్నా పడవకి ఒక్క ఫోనే వెళ్తుంది. చుక్కాని పట్టే మనిషి దాన్ని పాలిథిన్ కవరు చుట్టి, మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టుకుంటాడు. అదే డబ్బాలో రకరకాల కంపెనీల సిమ్ములు. పడవ ఒడ్డుకి దూరమయ్యేకొద్దీ ఒక సిమ్ము మూగబోతుంది, ఇంకోటి పలుకుతుంది. ఫోన్ వెనక మూత ఊడదీసి, వల బాగుచేసే సూది మొనతో పాత సిమ్ము నెట్టేసి, పలికేది పెట్టుకుంటారు. పడవ ఊగుతుంటే, తడి చేతులతో! మన కుర్రాళ్ళు ఏసీ గదిలో కూర్చుని కింద పడేసుకుంటారు.

ఆ ఫోన్ సరదాకి కాదు. ఏ చేప పడిందో ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకి ముందే చెప్తారు. దాన్నిబట్టి ఐసు తెప్పించాలా, బరంపురం బేరగాళ్ళని పిలవాలా అన్నది వాళ్ళు తేల్చుకుంటారు. ఒడ్డు నుంచి పడవకి వెళ్ళే కబురు సాధారణంగా ఒక్కటే. గాలి లేస్తోంది, వచ్చెయ్యండి.

మా కంపెనీ ఆ ఊరి పక్కన కొత్త టవర్ వేసింది. వెయ్యగానే అమ్మకాల వాళ్ళు మైకు కట్టిన వ్యానుతో దిగారు, అదీ గంగమ్మ పండగ నాడు. పాత ఫోన్ ఇచ్చి తక్కువ ధరకి కొత్త స్మార్ట్‌ఫోన్ పట్టుకెళ్ళండని ఊదరగొట్టారు. ఆ ఊళ్ళో పద్ధతి ఏమిటంటే, కులపెద్ద తీసుకున్నదే అందరూ తీసుకుంటారు. వల రకమైనా అంతే, ఇంజనైనా అంతే. కులపెద్ద కొత్త ఫోన్ పట్టుకుని ఇసకలో నిలబడి ఎక్కడో ఉన్న బంధువుతో మాట్లాడాడు. పక్కనే కూర్చుని మాట్లాడినట్టు వినిపించిందట. ఇంకేముంది, ఊరంతా కొన్నారు. పాత ఫోన్లన్నీ వ్యాను ఎక్కి వెళ్ళిపోయాయి.

గంగమ్మ పండగ నాడు ఎవరూ సముద్రంలోకి దిగరు. పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. ఆ ఫోన్ సముద్రంలో పలుకుతుందా అని చూడటానికి ఆ రోజు ఒక్క పడవ కూడా కదలలేదు. మాట మీద నిలబడే ఊరు, మొక్కు తప్పని ఊరు. ఆ రెండు మంచి గుణాలూ కలిసి వాళ్ళని ముంచాయి.

ఎర్రమ్మ

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం సోనేపూర్ ఆడవాళ్ళు గుంపుగా మా సెంటర్‌కి వచ్చారు. చేపల తట్టలు గుమ్మం బయటే పెట్టారు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు ముక్కు మూసుకుని ఫోన్ అటూ ఇటూ తిప్పి, "ఫోన్ బాగానే ఉంది, సిగ్నల్ ఫుల్, ఏ ప్రాబ్లమూ లేదు" అన్నాడు. ముందు నిలబడ్డ మనిషి కౌంటర్ మీద ఒక్కటి చరిచింది. ఆమె పేరు ఎర్రమ్మ అని తరవాత తెలిసింది.

"బాగుందని నాకూ తెలుసు బాబూ! మొన్న రాత్రంతా దీన్ని పట్టుకుని ఒడ్డునే నిలబడ్డాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మరి మా పడవోలు ఎందుకు ఎత్తనేదు?"

నేను లోపలి గది నుంచి పరుగున వచ్చాను. ఎర్రమ్మని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆమె తాగలేదు, గ్లాసు పట్టుకునే మాట్లాడింది.

"మొన్న ఉన్నట్టుండి గాలి లేసిందమ్మా. నానూ, మా తోటికోడలూ, అందరం పోన్లు సేసినాం. ఒక్కడూ ఎత్తనేదు. ఎవులికీ ఎల్లనేదు. తక్కిన పడవలు మబ్బు సూసుకుని వచ్చీసినాయి. మా ఇంటోడి పడవ రానేదు. రాత్రంతా రానేదు."

"తరవాత?"

"తెల్లారినాక కబురొచ్చింది. ఆంధ్రా తట్టు ఎక్కడో ఒడ్డుకి కొట్టుకుపోయినారట. పడవ ముక్కలైపోయింది. మా ఇంటోడూ, మా తమ్ముడూ బతికినారు. గంగమ్మ దయ తల్లీ, మీ పోను దయ కాదు."

పక్కనున్న ముసలామె అందుకుంది. "పాత పోనయితే ఏ సిమ్ము పలికితే ఆ సిమ్ము ఏసుకునేవోలు. దీనికి వేరేది పెడితే సెల్లదంటంది. ఇదేటమ్మా, డబ్బిచ్చి కొన్న పోనుకి పెత్తనం మీదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు. ఆ ఫోన్ అమ్మిన వాళ్ళ మీద, "ఏ ప్రాబ్లమూ లేదు" అన్న మా కుర్రాడి మీద. ఈ ఉద్యోగంలో అంతకంటే పాపిష్టి మాట లేదు. ఫోన్‌లో ప్రాబ్లం లేకపోవచ్చు. ఆ మనిషికి ఉంది కదా!

మహాపాత్ర బాబు

మా ఏరియా మేనేజర్ మహాపాత్ర బాబు. మేమిద్దరం ఒడియాలోనే మాట్లాడుకునేవాళ్ళం, తెలుగులో రాస్తున్నాను. చెడ్డవాడు కాదు. టార్గెట్ పేరెత్తితే మాత్రం నిద్రలో కూడా ఉలిక్కిపడతాడు. గోడ మీద మా కవరేజీ మ్యాపు చూపించి, "సోనేపూర్ అంతా పచ్చగా ఉంది చూడండి దీదీ" అన్నాడు.

"సముద్రం ఏ రంగులో ఉంది సార్?"

"సముద్రంలో కస్టమర్లు ఉండరు కదా!"

"సోనేపూర్ మగవాళ్ళు ఉండేది అక్కడే. ఇంటికి తిండికీ నిద్రకీ వస్తారు."

తాళాలు తియ్యమని హెడ్డాఫీసుకి రాయండి అన్నాను. గడువు తీరకుండా తియ్యడం కుదరదు, ఫోన్ చెడిపోతే తప్ప రూల్ ఒప్పుకోదు, పైగా తాళం తీస్తే ఊరంతా వేరే కంపెనీకి పోతుంది అన్నాడు. సరే, ఆ ఊరి కంప్లెయింట్లు ఒక్కటీ నేను మూసెయ్యను, అన్నీ పెండింగ్‌లోనే ఉంటాయి అన్నాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మన చేతిలో పెద్ద అధికారం ఉండదు. కానీ కంప్లెయింట్ తీరిందని చెప్పాల్సింది మనమే. తీరనిదాన్ని తీరిందనకపోతే, పైవాడు ఎంతవాడైనా కిందికి దిగిరాక తప్పదు. మహాపాత్ర బాబు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తరవాత జీపు తీయించి, "పదండి, చూద్దాం" అన్నాడు.

సోనేపూర్‌లో ఎర్రమ్మ భర్త దానయ్య తన బావమరిది పడవలో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. నేనూ ఎక్కి స్వయంగా చూస్తానన్నాను. కులపెద్ద రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "ఆడమనిషి పడవెక్కకూడదమ్మా, తప్పుగా అనుకోకు." నాకు అలాంటివి నచ్చవు. కానీ వాళ్ళ పడవ, వాళ్ళ ప్రాణాలు. ఆ రోజు నా పని ఆచారాలు మార్చడం కాదని ఊరుకున్నాను.

"పోనీ మీరు ఎక్కండి సార్" అన్నాను మహాపాత్ర బాబుతో.

ఆయన కెరటాల వైపు చూశాడు. "దీదీ, నాకు ఈత రాదు" అన్నాడు. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. వాళ్ళు నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

దానయ్యకి తన తాళం ఫోన్‌తో పాటు నా ఫోన్ కూడా ఇచ్చాను. అందులో వేరే కంపెనీ సిమ్ము వేసి ఉంచాను. వాళ్ళ టవర్ పాతది, ఎత్తు మీద ఉంది. మాది కొత్తదే గానీ ఊరి మీదికి తల వంచుకుని ఉంది, సముద్రం వైపు దాని చూపు ఆనదు. మేము ఎర్రమ్మ పక్కన ఇసకలో కూర్చున్నాం. ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

మొదట్లో దానయ్య మాట గంటలా వినిపించింది. కాసేపటికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ తరవాత గాలి చప్పుడు, ఆ తరవాత అదీ లేదు. పడవ ఇంకా కంటికి కనబడుతూనే ఉంది. కొంచెం ఆగి ఎర్రమ్మ ఫోన్ మళ్ళీ మోగింది. "ఒలే, ఇది అమ్మగారి పోను. ఇనబడతందా? మన పోను ఎప్పుడో సచ్చిపోయింది!" అని దానయ్య అరుస్తున్నాడు. వాళ్ళు ఇంకా చాలా దూరం వెళ్ళేదాకా నా ఫోన్ నుంచి మాట వస్తూనే ఉంది.

మహాపాత్ర బాబుకి ఇంకా ఆశ చావలేదు. "ఒకసారి మన కంపెనీ నంబరుకే చెయ్యమనండి, దొరకొచ్చు" అన్నాడు. ఎర్రమ్మ చేసింది. మీరు డయల్ చేసిన నంబరు కవరేజీ ఏరియాలో లేదని రికార్డు చేసిన ఆడగొంతు ఒడియాలో తియ్యగా చెప్పింది.

ఎర్రమ్మ ఫోన్ తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఆ రాత్రి తెల్లారిందాకా ఈ పిల్ల నాకు ఇదే సెప్పింది బాబూ. మీ మనిషే కదా. అడగండి, మా ఇంటోడు ఎక్కడున్నాడో."

ఆమెకి ఒడియా బాగా వచ్చు, ఆ మాట ఒడియాలోనే అంది. అది రికార్డింగ్ అని ఆమెకి తెలియక కాదు. మహాపాత్ర బాబు కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూశాను. ఆయన సిగ్గుపడతాడని మొహం తిప్పుకున్నాను.

తిరుగు దారిలో జీపులో, "పడవ ఫోన్లకి మాత్రం తీయిస్తాను దీదీ" అన్నాడు. పడవ ఫోన్ అని వేరే ఏదీ ఉండదు సార్, ఇవాళ ఇంట్లో ఉన్నది రేపు పడవెక్కుతుంది, తీస్తే ఊరంతటికీ తియ్యాలి అన్నాను. "నా ఉద్యోగం పోగొట్టేలా ఉన్నారు" అన్నాడు. ఊరికే అనలేదు, ఆ భయం నిజమే. అయినా ఆయన హెడ్డాఫీసుతో కొట్లాడాడు. చీవాట్లు తిన్నాడు, ఆ ఏడాది ఆయనకి రావలసిన బదిలీ రాలేదు. కోడ్‌లు మాత్రం వచ్చాయి. నేను చూసిన బాసుల్లో తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు. కళ్ళారా చూశాక మాట మార్చుకున్నవాడు ఈయనొక్కడే. నాకు ఆయనంటే గౌరవం, ఇది బాహాటంగా చెప్తున్నాను.

కులపెద్ద ఇంటి అరుగు మీద కూర్చుని ఊరి ఫోన్లన్నిటికీ తాళాలు తీశాను. కొందరు ఒడ్డుకి మా సిమ్ము ఉంచుకుని సముద్రానికి వేరేది పెట్టుకున్నారు. కొందరు పూర్తిగా వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళారు. ఉండాల్సినవాడిని తాళం వేసి ఉంచుకునే కంపెనీకి తన సరుకు మీద తనకే నమ్మకం లేదని అర్థం.

ఇప్పటి తాళాలు

సిమ్ము తాళాలు ఇప్పుడు తగ్గాయి, సంతోషం. కానీ తాళం వేసే బుద్ధి ఎక్కడికీ పోలేదు. ఫోటోలన్నీ ఒక కంపెనీ గూట్లో పడేస్తారు, బయటికి తీసుకోవడం ఎలాగో చెప్పరు. బ్యాటరీని జిగురుతో అతికించేస్తారు, అది పోతే ఫోనే పోయినట్టు. ఏడాది తిరక్కుండా ఇంకో మోడల్ వదిలి, మీది పాతబడిందని మనకే చెప్తారు. మీ ఫోన్‌లో మాట వినిపిస్తోందా, మీకు కావలసినవి నడుస్తున్నాయా? అయితే అది కొత్తదే. నా ఫోన్‌కి ఒక మూల పగులుంది. మా స్వాతి దాన్ని చూసి ముక్కు విరుస్తుంది. విరవనీ.

అన్నిటికంటే గట్టి తాళం మనిషి మనసులో వేస్తారు. బడాబజార్‌లో పట్టుచీరల వ్యాపారి ఒకాయన, షాపు బోర్డు మీద రాయించిన నంబరు పోతుందన్న భయంతో ఏళ్ళ తరబడి మా కంపెనీ సిగ్నల్‌తో అవస్థపడ్డాడు. కంపెనీ మారితే నంబరు పోతుందని మా కౌంటర్ వాళ్ళే చెప్పారట. పచ్చి అబద్ధం! నంబరు ఉంచుకునే కంపెనీ మారొచ్చు. నేను అందరి ముందూ ఆయనకి ఆ సంగతి చెప్పాను, ఎలా మారాలో కూడా చూపించాను. ఆ నెల నాకు బాగానే అక్షింతలు పడ్డాయి. స్వాతీ, నీకూ పడతాయి. వాటికి భయపడి అబద్ధం చెప్పకు. ఈ పనిలో నువ్వు అమ్మే మొదటి సరుకు నీ మాట.

గాలి లేచిన రోజు

సోనేపూర్ తాళాలు తీశాక చాన్నాళ్ళు అక్కడి నుంచి ఏ కబురూ లేదు. కంప్లెయింట్ రాకపోతే అంతా బాగుందని మా వాళ్ళ లెక్క. నేను మాత్రం మబ్బు పట్టినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశం చూసేదాన్ని. తాళం తీయించాం సరే, నిజంగా గాలి లేచినప్పుడు ఆ ఫోన్ పలుకుతుందా? పరీక్ష చేసింది ఎండ కాస్తున్న రోజున. అది నాకు తెలుసు, మహాపాత్ర బాబుకి తెలుసు.

ఒక రోజు భోజనాల వేళ బరంపురంలో దుమ్ము లేచింది. షాపుల ముందు రేకులు దడదడలాడాయి. సెంటర్ తలుపులు మూయిస్తుంటే నా ఫోన్ మోగింది. ఎర్రమ్మ.

"అక్కా, గాలి లేసింది."

అవతల సముద్రం హోరు.

"పడవ ఎల్లిందా?"

"ఎల్లింది. మా ఇంటోడూ, మా తమ్ముడూ ఇద్దరూ ఎల్లినారు."

"పోను సేసినావా?"

"సేసినాను."

ఏడుపు వినిపించింది. చిన్న ఏడుపు కాదు, ఎక్కిళ్ళు. నేను కస్టమర్ల కుర్చీలో కూర్చుండిపోయాను.

"ఎర్రమ్మా! ఏటయిందే? సెప్పు తల్లీ!"

"ఎత్తినాడక్కా" అంది. "వచ్చేత్తన్నాం, అన్నం వండు అన్నాడు. ఎత్తినాడు."